పెళ్లి జనం మధ్యలో ఏ కలర్ చేంజ్ నిలబడుతుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న పూర్తిగా చదివాను. రెండేళ్లుగా పేకముక్కల మ్యాజిక్ నేర్చుకుంటున్నావు. వీడియోలు చూసి ఆరు కలర్ చేంజ్‌లు, అంటే చూపించిన ముక్క ఇంకో ముక్కగా మారిపోయే పద్ధతులు, పట్టావు: చిటిక వేసి చేసే స్నాప్, ఎర్డ్‌నేస్, కార్డిని, పాస్‌తో (పేక పై సగాన్నీ కింది సగాన్నీ చాటుగా తారుమారు చేసి) చేసేది, అరచేతిలో ముక్క దాచి చేసేది, టాప్ చేంజ్. ఫోన్ ముందు అన్నీ శుభ్రంగా వస్తున్నాయి. మొన్న మీ అక్క రిసెప్షన్‌లో స్నాప్ చేంజ్ చేస్తే, ఎడమ పక్కన నిలబడ్డ మీ పిన్నిగారి అబ్బాయి “చేతిలో ఇంకో ముక్క ఉంది” అని అందరి ముందూ అనేశాడు. వచ్చే మాఘమాసంలో ఇంకో పెళ్లి ఉంది. ఈ ఆరింటిలో దేన్ని ఉంచుకోవాలి, లేక కొత్తది నేర్చుకోవాలా అని అడిగావు.

పదహారేళ్లుగా హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పెళ్లిళ్లలో, కంపెనీ పార్టీల్లో జనం మధ్యకి వెళ్లి పేకతో మ్యాజిక్ చేస్తున్నాను. జవాబు ముందే చెప్తాను. కొత్త కలర్ చేంజ్ ఏదీ అక్కర్లేదు. నీ ప్రధానమైన మార్పు చూసేవాళ్ల అరచేతిలో జరగాలి, దానికి డబుల్ లిఫ్ట్ (రెండు ముక్కల్ని ఒక్కటే అన్నట్టు కలిపి తీయడం) ఒక్కటి చాలు. కళ్లముందే మారేది ఒకటి ఉండాలనుకుంటే ఎర్డ్‌నేస్ ఉంచుకో, అదీ వెనక గోడ ఉన్నప్పుడే. స్నాప్ చేంజ్‌ని ఇప్పటికి రీల్స్‌కి వదిలెయ్. వేళ్లు ఎక్కడ పెట్టాలి, ఎలా కదపాలి అన్నది ఇక్కడ రాయను, మ్యాజిక్ చేయనివాళ్లు కూడా చదువుతారు కాబట్టి. ఎలా ఎంచుకోవాలో మాత్రం వివరంగా చెప్తాను.

మీ పిన్నిగారి అబ్బాయికి కనిపించింది నీ వేగంలో లోపం వల్ల కాదు. స్నాప్ చేంజ్ ఎంత బాగా చేసినా, చిటిక వేసిన తర్వాత ఒక ముక్క నీ చేతి చాటునే ఉండిపోతుంది. దాన్ని మళ్లీ పేకలో కలిపేదాకా నువ్వు దాచుతూనే ఉండాలి. ఆ మూడు నాలుగు సెకన్లలో జనం ఎటు చూస్తారు? నేరుగా నీ చేతుల వైపే. ముక్క మారక ముందు ఎవరికీ అనుమానం ఉండదు, ఏం జరగబోతోందో వాళ్లకి తెలియదు కదా. మారిన మరుక్షణం పదిమంది కళ్లూ వేళ్ల సందుల్లో వెతుకుతాయి. అంటే అందరూ వెతికే సమయంలోనే దాచాల్సిన మూవ్‌ని నువ్వు ఎంచుకున్నావు.

నేను ఏ కలర్ చేంజ్‌నైనా చూసే పద్ధతి ఇదే. అదనపు ముక్క దాగి ఉండే సమయం మార్పుకి ముందా, జరిగేటప్పుడా, తర్వాతా? అరచేతిలో ముక్క దాచి చేసే చేంజ్‌లో ముక్క ముందే చేతిలో ఉంటుంది. పేక మీద చెయ్యి పెట్టి తీశాక చెయ్యి నిజంగానే ఖాళీ, వెనకా ముందూ తిప్పి ధైర్యంగా చూపించొచ్చు. ఎర్డ్‌నేస్‌లో దాచడమంతా మార్పు జరిగే ఆ అర సెకనులోనే. ముందూ ఖాళీ, తర్వాతా ఖాళీ. డబుల్ లిఫ్ట్‌లో అసలు పని ఎప్పుడో అయిపోతుంది, మార్పు జరిగిందని జనం అనుకునే సమయానికి పేక నీ రెండో చేతిలో ఊరికే ఉంటుంది. స్నాప్ ఒక్కటే తర్వాత దాచమని అడుగుతుంది. నువ్వు చెప్పిన ఆరింటినీ ఈ ప్రశ్నతో ఒకసారి చూసుకుంటే సగం గందరగోళం పోతుంది.

మరి వీడియోల్లో స్నాప్ చేంజ్ అంత బాగా ఎందుకు కనిపిస్తుంది? కెమెరా ఒక్కచోటే ఉంటుంది, పక్కకి వంగి చూడదు. ముక్క మారగానే వీడియో ఆపేస్తారు, తర్వాత దాచాల్సిన బాధే లేదు. స్టేజీ మీద చేసేవాళ్లకి కూడా జనం ఎదురుగానే ఉంటారు. కార్డిని చేంజ్ అని నువ్వు నేర్చుకున్న దానికి పేరిచ్చిన కార్డిని అలాంటి స్టేజీ కళాకారుడే. అసలు పేరు రిచర్డ్ పిచ్‌ఫర్డ్, 1895లో వేల్స్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో చలికి గ్లౌజులు తొడుక్కునే ముక్కలతో సాధన చేశాడు, తర్వాత గ్లౌజులతోనే స్టేజీ మీద ముక్కలు పుట్టించి పేరు తెచ్చుకున్నాడు. నాకు ఆయనంటే ఎంతో గౌరవం. కానీ ఆయన చూసుకోవాల్సింది ఎదురుగా కూర్చున్నవాళ్లనే. నీకు రిసెప్షన్‌లో చుట్టూ నాలుగు వైపులా మనుషులే.

ఆ నాలుగు వైపులూ ఎవరుంటారో ఒకసారి ఊహించుకో. ఎదురుగా పెద్దవాళ్లు నిలబడి చూస్తుంటారు. పక్కన భోజనం ప్లేటు పట్టుకుని వచ్చిన బావగారు ఉంటారు. నీ వెనక వీడియో తీసేవాళ్ల లైటు. అన్నిటికంటే ముఖ్యం పిల్లలు. వాళ్ల కళ్లు నీ నడుము ఎత్తులో ఉంటాయి, కింద నుంచి పైకి చూస్తారు. పెద్దవాళ్లకి నీ చేతి వెనక భాగం కనిపిస్తే, పిల్లలకి అరచేయి కనిపిస్తుంది. ముక్కని అరచేతిలో దాచే ఏ పద్ధతికైనా అసలు పరీక్ష ఏడేళ్ల పిల్లవాడే. అందుకే, నేను మెచ్చుకున్నా సరే, అరచేతిలో దాచే కలర్ చేంజ్‌ని పెళ్లిళ్లలో నిలబడి చేయను. అందరూ బల్ల చుట్టూ కూర్చుని, చేతులు బల్ల అంచు దగ్గర ఉన్నప్పుడు మాత్రం నిశ్చింతగా చేస్తాను.

ఎర్డ్‌నేస్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకు ఇష్టమైన మూవ్ అది. 1902లో అమెరికాలో ఎస్. డబ్ల్యూ. ఎర్డ్‌నేస్ అనే పేరుతో ఒక పుస్తకం వచ్చింది. అది మారుపేరు, అసలు మనిషి ఎవరో ఇప్పటికీ తేలలేదు. పుస్తకంలో ఎక్కువ భాగం పేకాటలో జరిగే చేతివాటం గురించి ఉంటుంది, మ్యాజిక్ భాగం తర్వాత వస్తుంది. అందులో ముక్కని మార్చే పద్ధతులు రెండు చేతులతో చేసేవీ, ఒంటి చేత్తో చేసేవీ ఉన్నాయి. నూట ఇరవై ఏళ్లు దాటినా మన చేతుల్లో అది బతికి ఉందంటే కారణం సులభం: చెయ్యి పేక మీద నుంచి మెల్లగా జారుతుంది, ముక్క మారిపోతుంది, రెండు చేతులూ ఖాళీ. బామ్మ వయసువాళ్లకి కూడా వివరించకుండా అర్థమవుతుంది. దాని బలహీనత నీ వైపు ఉంటుంది. జరిగేటప్పుడు ముక్క కొంత నీ ఒంటివైపుకి వస్తుంది కాబట్టి వెనక నుంచీ, భుజం పక్క నుంచీ చూసేవాళ్లకి కనిపిస్తుంది. నేను అందుకే ముందు గోడ వెతుక్కుంటాను. కల్యాణ మండపంలో స్తంభం దొరికినా చాలు. పేకని కొంచెం ఎత్తి, ముక్కల ముఖాలు ఎదుటివాళ్ల వైపు వాల్చి పట్టుకుంటాను.

కార్డిని కూడా వదిలెయ్. చూసేవాళ్లకి ఎర్డ్‌నేస్, కార్డిని రెండిటి బొమ్మా ఒకటే: పేక మీదకి చెయ్యి వెళ్తుంది, ముక్క మారుతుంది. ఒకే బొమ్మకి రెండు పద్ధతులు సాధన చేయడం కంటే ఒకదాన్ని నిద్రలో లేపినా చేసేంతగా చేసుకోవడం మేలు. పాస్‌తో చేసే కలర్ చేంజ్‌ని జనం మధ్య చేయొద్దని గట్టిగా చెప్తాను. పేక సగం సగం మారేటప్పుడు చేతుల్లో పెద్ద కదలిక ఉంటుంది, చప్పుడు ఉంటుంది, పక్కవాళ్లకి అంచులు కనిపిస్తాయి.

టాప్ చేంజ్ వేరే కోవకి చెందింది. అది కళ్లముందు మారే మార్పు కాదు. చూసేవాళ్లు నీ ముఖం వైపు చూసి నవ్వే క్షణంలో ముక్క మారిపోతుంది, తర్వాత వాళ్లే తిప్పి చూసుకుంటారు. చేతిలో దాచేది ఏమీ మిగలదు. కానీ దానికి వేళ్ల కంటే మనసు నిబ్బరంగా ఉండాలి. నువ్వు చేతుల వైపు చూస్తే జనమూ చూస్తారు. ఇంకో ఏడాది జనంలో తిరిగాక మొదలుపెట్టు.

ఇక డబుల్ లిఫ్ట్. “అది కలర్ చేంజ్ కాదు కదా” అంటావని తెలుసు. మ్యాజిక్ చేసేవాళ్లకి కాదు. చూసేవాళ్ల కథలో మాత్రం అంతకంటే గొప్ప కలర్ చేంజ్ లేదు. మర్నాడు వాళ్లు ఏం చెప్పుకుంటారో వినాలి నువ్వు. “నా చేతిలోనే ఉంది, నేనే గట్టిగా మూసి పట్టుకున్నాను, తెరిచేసరికి మారిపోయింది” అంటారు. ఎర్డ్‌నేస్ చూసినవాళ్లు “అతను ఏదో చేశాడు, చాలా ఫాస్ట్” అంటారు. మొదటిదే కనికట్టు, రెండోది చేతివాటం.

ఇందులో ఇంకో లాభం ఉంది, నీ ప్రశ్నలో నువ్వు దాన్ని అసలు ప్రస్తావించలేదు. ఊరికే ఒక ముక్క ఇంకో ముక్కగా మారితే జనానికి దానితో సంబంధం ఏముంది? వాళ్లు ఎంచుకున్న ముక్కగా మారాలి. అప్పుడు అది వాళ్లది. కాబట్టి మూవ్ ఎంచుకునే ముందు, ఎంచుకున్న ముక్క పేకలో ఎక్కడ ఉండాలో చూడు. ఎర్డ్‌నేస్‌కి అది ముఖాలవైపు పై ముక్కకి వెంటనే కింద ఉండాలి. అక్కడికి చేర్చడానికి ఒక అదనపు పని పడుతుంది. డబుల్ లిఫ్ట్‌కి పేక పైకి చేరిస్తే సరిపోతుంది. పైనుంచి తీసినట్టు ఒక ముక్క చూపించి “ఇదేనా మీ ముక్క?” అంటావు. కాదంటారు. దాన్ని బోర్లించి వాళ్ల అరచేతిలో పెట్టి, రెండో చెయ్యి పైన మూయమంటావు. ఎంత తక్కువ పని ఉంటే అంత తక్కువ టెన్షన్.

పెన్నుతో సంతకం చేయిస్తే ఇంకా బలం. మనవాళ్లలో పదమూడు ముక్కల రమ్మీ ఆడినవాళ్లు ప్రతి గుంపులోనూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. రెండు పేకలు కలిపి ఆడే అలవాటు వల్ల వాళ్లకి మొదట వచ్చే అనుమానం “అదే ముక్క రెండోది ఉంది” అనే. సంతకం ఉంటే ఆ అనుమానం మొదట్లోనే పోతుంది. సిరా ఆరడానికి కాస్త ఆగు, లేకపోతే పక్క ముక్కకి అంటుకుంటుంది. పెళ్లికొడుకు సంతకం చేసిన ముక్క పెళ్లికూతురి చేతిలో ప్రత్యక్షమైతే ఆ ఇంట్లో దాన్ని దాచుకుంటారు. అయితే పెళ్లికూతురి చేతులకి నిండా గాజులుంటాయి, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి మూయడం ఆమెకి కష్టం. ముక్కని చెయ్యి మీద పెట్టి, పైన పక్కన ఉన్న అమ్మగారి చెయ్యి పెట్టించు. అలా చేసినప్పుడు ఇద్దరి ముఖాలూ ఎలా వెలుగుతాయో నువ్వే చూస్తావు.

రమ్మీ ఆడేవాళ్ల గురించే ఇంకో మాట. వాళ్లకి ఏళ్ల తరబడి ముక్కలు పట్టుకున్న అలవాటు. పేక మీద నుంచి ఒక ముక్కని మామూలుగా ఎలా తీస్తారో వాళ్ల చేతులకి తెలుసు. నువ్వు ఒక్క ముక్క తీసేటప్పుడు ఒకలా, రెండు కలిపి తీసేటప్పుడు ఇంకోలా తీస్తే, కారణం చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని గ్రహిస్తారు. కాబట్టి మూవ్ లేనప్పుడు కూడా ఒక్క ముక్కని అదే పద్ధతిలో తియ్యి. ఇంట్లో రమ్మీ ఆడేటప్పుడు కూడా అలాగే తియ్యి. నేను రెండేళ్లు అలా చేశాను.

వాతావరణాన్ని తేలికగా తీసుకోవద్దు. కొన్నేళ్ల కిందట విశాఖలో మే నెలలో, సముద్రానికి దగ్గర లాన్‌లో ఒక రిసెప్షన్. అంతకుముందు గంటసేపు ఏసీ గదిలో కూర్చున్నాను, అక్కడ నుంచి నేరుగా బయటికి వచ్చాను. గాలిలో తేమ, చేతికి చెమట. పై ముక్క ఒక్కటే రావలసిన చోట రెండు అతుక్కుని వచ్చాయి. పరిచయమున్న ఒక పెద్దావిడ చేతిలో ముక్క పెట్టి, మూయించి, అందరినీ పిలిచి, తెరిపిస్తే అది ఆవిడ ముక్క కాదు. ఆవిడ నన్ను నొప్పించకూడదని “పర్వాలేదు బాబూ” అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి కోస్తా జిల్లాల్లో వేసవి కార్యక్రమానికి కనీసం మూడు కొత్త పేకలు తీసుకెళ్తాను, ప్రతి అరగంటకీ మారుస్తాను, ఏసీ నుంచి బయటికి వచ్చాక పది నిమిషాలు ముక్కల్ని గాలికి అలవాటు చేసి, ఒకసారి పరిచి చూసుకుని మొదలుపెడతాను. జేబులో పొడి నూలు రుమాలు తప్పనిసరి. హైదరాబాద్‌లో డిసెంబరులో దీనికి పూర్తిగా వ్యతిరేకం: చర్మం పొడిబారి ముక్క పట్టు దొరకదు, ఎర్డ్‌నేస్ జారిపోతుంది. గంట ముందు కొంచెం మాయిశ్చరైజర్ రాసుకో, మరీ ముందు రాసినా, అప్పటికప్పుడు రాసినా పనికిరాదు.

పేక కొలత కూడా చూసుకో. బైసికిల్ బ్రాండ్ లాంటి పోకర్ సైజు ముక్క వెడల్పు సుమారు 63 మిల్లీమీటర్లు, మన దగ్గర రమ్మీకి ఎక్కువగా వాడే బ్రిడ్జ్ సైజు 57. చెయ్యి చిన్నదైతే బ్రిడ్జ్ సైజు బాగా కప్పుతుంది. పెళ్లిలో ఎవరో ఒకరు “మా పేకతో చెయ్యి” అని తెచ్చి ఇస్తారు, అది దాదాపు ఎప్పుడూ బ్రిడ్జ్ సైజే. రెండిటితోనూ సాధన చెయ్యి.

ఏ ముక్క ఏ ముక్కగా మారాలన్నది మూవ్ అంత ముఖ్యం, కానీ దీన్ని ఎవరూ నేర్పరు. కలర్ చేంజ్ అన్న పేరులోనే ఉంది, ఎరుపు నలుపుగా మారితే దూరంగా ఉన్నవాడికి కూడా తెలుస్తుంది. ఆఠీన్ ఆరు డైమన్ తొమ్మిదిగా మారితే, మూడో వరుసలో ఉన్నవాళ్లు అసలు మారిందని కూడా గమనించరు. ఆఠీన్ రెండు ఇస్పేట్ రాజుగా మారితే చప్పట్లు వాటంతట అవే వస్తాయి. ముక్కని వాళ్లు ఎంచుకుంటారు కాబట్టి అది నీ చేతిలో ఉండదు, సరే. కానీ ముందు చూపించే తప్పు ముక్క నీ చేతిలోనే ఉంది. వాళ్లది నల్ల బొమ్మ ముక్క అయితే నువ్వు ఎర్ర చిన్న అంకె చూపించేలా చూసుకో. ఇంకొకటి: మారక ముందు ముక్క పేరు వాళ్ల నోటితో అనిపించు. డీజే మోగుతుంటే నీ మాట ఎవరికీ వినపడదు. “ఇది ఏంటండీ, గట్టిగా చెప్పండి” అంటే వాళ్లు “ఆఠీన్ రెండు!” అని అరుస్తారు, చుట్టూ ఉన్నవాళ్లకి అప్పుడే మెదడులో నాటుకుంటుంది. ఏం ఉండేదో తెలియకపోతే ఏం మారిందో తెలియదు.

వేగం పెంచాలా అని చివర్లో అడిగావు. వద్దు. అర్జెంటీనాలో రెనే లవాండ్ అనే మహానుభావుడు ఉండేవాడు, 1928 నుంచి 2015 వరకు బతికాడు. తొమ్మిదేళ్ల వయసులో కుడి చెయ్యి పోయింది. ఎడమ చెయ్యి ఒక్కదానితోనే, చాలా నెమ్మదిగా, కథ చెప్తూ ముక్కలతో మ్యాజిక్ చేసేవాడు. ఆయన వీడియోలు వెతికి చూడు. నెమ్మదిగా చేసినప్పుడు చూసేవాళ్లకి తప్పించుకునే దారి ఉండదు, “చెయ్యి చాలా ఫాస్ట్” అని సర్దిచెప్పుకోలేరు. నీ ఎర్డ్‌నేస్‌ని సగం వేగానికి తగ్గించి చేసి చూడు. ఆ వేగంలో ఎక్కడ తడబడతావో అక్కడే నీ సాధన మిగిలి ఉంది.

“మళ్లీ చెయ్యి” అంటే అదే పద్ధతిలో ఎప్పుడూ చేయకు. రెండోసారి వాళ్లు ఎక్కడ చూడాలో తెలిసి చూస్తారు. ముందు ఎర్డ్‌నేస్ చేసి ఉంటే, రెండోది వాళ్ల చేతిలో జరగనివ్వు. అందుకే రెండు ఉంచుకోమన్నాను. మూడోది అవసరం రాదు. ఆ రెండోదాని తర్వాత ఆ గుంపు దగ్గర పేక మూసి, నమస్కారం పెట్టి, పక్క గుంపుకి వెళ్లిపో.

ఇక సాధన. అద్దం మానెయ్. అద్దం ముందు మూవ్ చేసే క్షణంలో మనకి తెలియకుండానే కళ్లు ఆర్పుతాం, ఆ ఒక్క క్షణమే మనకి కనిపించదు. నీ దగ్గర ఫోన్ ఉంది కదా, దాన్ని ఎదురుగా మాత్రం పెట్టకు. ఎడమ మోచేయి పక్కన ఒకసారి, కుడి భుజం వెనక ఒకసారి, నడుము ఎత్తులో కింద నుంచి పైకి చూసేలా ఒకసారి పెట్టు. నిలబడి, పైకి మాట్లాడుతూ చెయ్యి, పెళ్లిలో నోరు మూసుకుని చేయవు కదా. చేతికి ఉంగరం ఉంటే తీసెయ్, ముక్కకి తగిలి టక్కుమంటుంది. ఫుల్ చొక్కా చేతులు మోచేతి దాకా మడుచుకో. లేకపోతే ఎవరో ఒకరు “చొక్కాలోకి పోయింది” అంటారు, నువ్వు ఎంత శుభ్రంగా చేసినా.

మాఘానికి ఇంకా సమయం ఉంది. మొదటి నెల డబుల్ లిఫ్ట్ ఒక్కటే, ఇంట్లోవాళ్లకి కాకుండా కాలేజీలో రోజూ ఇద్దరు కొత్తవాళ్లకి చెయ్యి. ఆ తర్వాత ఎర్డ్‌నేస్‌కి వెళ్లు. ఎడమ మోచేయి పక్క నుంచి తీసిన వీడియో ఏదైనా ఉంటే ఇక్కడే పెట్టు, మీ పిన్నిగారి అబ్బాయి నిలబడ్డది అక్కడే కాబట్టి ముందు దాన్నే చూస్తాను.